డీజిలా, పెట్రోలా? బ్రిటన్‌లో ఓ పాత బండి రేటు వెనక పాతికేళ్ళ కథ

ఎపిసోడ్‌లో హడావిడిగా చెప్పుకుపోయిన తేదీలు, లెక్కలు ఇక్కడ కాస్త నిదానంగా రాస్తున్నాం. నైట్ షిఫ్టుల వల్ల వినడం కుదరని వాళ్ళు చదువుకోవచ్చు. విన్నవాళ్ళకి కూడా ఇందులో కొత్త సంగతులు కొన్ని దొరుకుతాయి, ఎందుకంటే ఆడియోలో టైం చాలక వదిలేసినవి చాలానే ఉన్నాయి.

ప్రశ్న చిన్నదే. బ్రిటన్ వచ్చి ఏడాది దాటింది. కిందా మీదా పడి ఇక్కడి డ్రైవింగ్ టెస్ట్ పాసయ్యారు. చేతిలో రెండు మూడు వేల పౌండ్లు ఉన్నాయి. ఓ చిన్న హ్యాచ్‌బ్యాక్ కొనాలి. ఒకే రేటుకి రెండు బండ్లు కనిపిస్తాయి. ఒకటి 2008 పెట్రోలు, రెండోది 2012 డీజిల్. డీజిల్ బండి నాలుగేళ్ళు చిన్నది, మైలేజీ ఎక్కువ, బ్లూటూత్ ఉంది. రోడ్ టాక్స్ ఏడాదికి 20 పౌండ్లు. పెట్రోలు దానికేమో చాలా మోడళ్ళలో 200 పౌండ్ల దగ్గర్లో ఉంటుంది. మన కుర్రాళ్ళ చెయ్యి ఆటోమేటిగ్గా డీజిల్ మీదకే పోతుంది. ఎవరి చెయ్యి పోదు చెప్పండి?

కానీ ఒక్క నిమిషం ఆగి అడగాల్సింది వేరే ఉంది. అన్నిట్లోనూ మెరుగ్గా కనిపించే బండి, పాత బండి రేటుకే ఎందుకు అమ్ముడుపోతోంది? అమ్మేవాడు పిచ్చోడేం కాదు కదా. ఈ ప్రశ్నకి సగం జవాబు మెకానిక్ దగ్గర ఉంది. మిగతా సగం ఈ దేశపు బడ్జెట్లలో, టాక్స్ పట్టికల్లో ఉంది. మనం ఆ సగం గురించే ఎక్కువ మాట్లాడుకుందాం.

ఊళ్ళో నేర్చుకున్న లెక్క

ముందు మన దగ్గరి సంగతి. డీజిల్ అంటే చవక అన్న మాట మనకి చిన్నప్పటి నుంచీ బుర్రలో ఉంది. దానికి కారణం ఇంజిన్ కాదు, ప్రభుత్వం. లారీలు, ట్రాక్టర్లు, బస్సులు, పొలంలో మోటార్లు డీజిల్ మీద నడుస్తాయి కాబట్టి దాని ధరని ఢిల్లీ వాళ్ళు ఏళ్ళ తరబడి తొక్కిపెట్టి ఉంచారు. 1998 చివర్లో టాటా ఇండికా వచ్చినప్పుడు దాని డీజిల్ మోడల్‌కి అంత గిరాకీ రావడానికి ఈ ధరల తేడా పెద్ద కారణం. పెద్ద కారులో ఉండే ఇంధనాన్ని చిన్న కారులో పెట్టి అమ్మారు. తర్వాత స్విఫ్ట్, డిజైర్ వచ్చాయి. హైదరాబాద్‌లో ట్యాక్సీ ఎక్కిన ప్రతి ఒక్కరికీ ఆ 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ చప్పుడు పరిచయమే. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద కేంద్రం కంట్రోలు తీసేసింది. అప్పటికే రెండు తరాలకి అలవాటు పడిపోయింది, అందుకని రేటు తేడా తగ్గినా నమ్మకం తగ్గలేదు.

ఆ నమ్మకాన్ని సూట్‌కేసులో పెట్టుకుని మనం ఇక్కడికి వస్తాం. ఇక్కడ పరిస్థితి తలకిందులు. బ్రిటన్‌లో పెట్రోలుకీ డీజిల్‌కీ లీటరుకి ఒకే డ్యూటీ. 2022 మార్చి నుంచి రెండింటికీ 52.95 పెన్సులు ఉండేది. బంకు దగ్గర డీజిల్ రేటే సాధారణంగా ఎక్కువ. అంటే ఇక్కడ డీజిల్ లాభం అంతా మైలేజీలోనే ఉంది, ధరలో లేదు. తక్కువ తిరిగేవాడికి ఆ లాభం చేతికి అందదు.

ఇంకో తమాషా చూడండి. మన స్విఫ్ట్‌లో ఉన్న ఆ 1.3 డీజిల్ ఇంజిన్ ఫియట్ వాళ్ళ డిజైను. దాని అన్నదమ్ములే ఇక్కడ వాక్స్‌హాల్ కోర్సా 1.3 సీడీటీఐలో ఉన్నాయి. "అన్నా, ఇది మన డిజైర్ ఇంజినే, గుండ్రాయిలా ఉంటుంది" అని ఎవరైనా చెబితే సగం నిజం. మిగతా సగం పొగగొట్టంలో ఉంది. అక్కడికి వద్దాం.

కార్బన్ లెక్కలో గెలిచిన డీజిల్

ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం బ్రిటన్‌లో డీజిల్ అంటే లారీ, ట్యాక్సీ, బస్సు. 1936లోనే మెర్సిడెస్ 260డి అనే డీజిల్ కారు వచ్చినా, 1976లో గోల్ఫ్ డీజిల్ వచ్చినా, 80ల్లో ప్యూజో 205 డీజిల్ మంచి పేరు తెచ్చుకున్నా, మామూలు ఇంటివాడు పెట్రోలే కొనేవాడు. డీజిల్ చప్పుడు, వాసన, చలికాలం పొద్దున స్టార్ట్ చేసే తలనొప్పి ఎవరికి కావాలి?

1997 క్యోటో ఒప్పందంతో లెక్క మారింది. ఆ మరుసటి ఏడాదే యూరప్ కార్ల కంపెనీలు ఒక మాట ఇచ్చాయి: 2008 కల్లా కొత్త కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్‌ని కిలోమీటరుకి 140 గ్రాములకి దించుతాం అని. దానికి అందుబాటులో ఉన్న దగ్గరి దారి డీజిల్. అదే దూరానికి తక్కువ ఇంధనం తాగుతుంది కాబట్టి కార్బన్ కూడా తక్కువ వదులుతుంది. సరిగ్గా అప్పుడే కామన్ రైల్ అనే కొత్త ఇంజెక్షన్ పద్ధతి వచ్చి చప్పుడూ తగ్గింది, ఊపూ పెరిగింది.

2001 మార్చి 1 నుంచి బ్రిటన్‌లో రోడ్ టాక్స్ ఇంజిన్ సైజుని బట్టి కాకుండా కార్బన్ గ్రాములని బట్టి వెయ్యడం మొదలుపెట్టారు. 2002 ఏప్రిల్ నుంచి కంపెనీ కార్ల టాక్స్ కూడా అలాగే. ఈ రెండోదే అసలు దెబ్బ అని నా అభిప్రాయం. ఇక్కడ కొత్త కార్లలో పెద్ద వాటా ఆఫీసులు, లీజింగ్ కంపెనీలు కొనేవే. వాళ్ళు డీజిల్‌కి మారితే మూడు నాలుగేళ్ళకి అవే బండ్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చి పడతాయి. పడ్డాయి కూడా. 2001లో కొత్త కార్లలో డీజిల్ వాటా 18 శాతం లోపే. 2012 నాటికి సగం దాటేసింది.

పదేళ్ళలో ఒక దేశం ఇలా ఇంధనం మార్చుకోవడం మామూలు విషయం కాదు. ఎవరూ బలవంత పెట్టలేదు, పట్టికలో అంకెలు మార్చారంతే.

మరి డీజిల్ పొగ సంగతి అప్పుడు తెలియదా? తెలుసు. డీజిల్ కార్లు పెరిగితే పట్టణాల్లో గాలి పాడవుతుందని 1993లోనే ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం రిపోర్టు ఇచ్చింది. నైట్రోజన్ ఆక్సైడ్లు, సన్నటి మసి, ఈ రెండూ పెట్రోలు కన్నా డీజిల్లో ఎక్కువ. కానీ టాక్స్ పట్టికలో కార్బన్‌కి మాత్రమే కాలమ్ ఉంది, మసికి లేదు. కంపెనీ కార్లకి డీజిల్ అయితే 3 శాతం అదనం అని ఒకటి పెట్టారు గానీ, అది ప్రవాహాన్ని ఆపలేకపోయింది.

చెన్నైలో పుట్టిన బండ్లు

ఇక్కడ చిన్న పక్కదారి, క్షమించాలి. ఇది చెప్పకపోతే నాకు తోచదు.

2009లో ఆర్థిక మాంద్యం దెబ్బకి కార్ల షోరూములు ఖాళీ. ప్రభుత్వం స్క్రాపేజ్ పథకం పెట్టింది. పదేళ్ళు దాటిన బండి ఇచ్చేస్తే కొత్త దాని మీద 2,000 పౌండ్ల తగ్గింపు, సగం ప్రభుత్వం, సగం కంపెనీ. ఆ ఏడాది మే నుంచి మరుసటి మార్చి దాకా నాలుగు లక్షలకి దగ్గరగా బండ్లు అలా మారాయి. జనం ఏం కొన్నారు? చవకైన చిన్న కార్లు. బాగా లాభపడ్డ కంపెనీల్లో హ్యుందాయ్ ఒకటి. అప్పట్లో బ్రిటన్‌లో అమ్మిన మొదటి తరం ఐ10 తయారయింది ఎక్కడనుకున్నారు? చెన్నై పక్కన శ్రీపెరుంబుదూర్ దగ్గర. నెల్లూరు నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం. ఆ రోజుల సుజుకీ ఆల్టో, దాని కవల నిస్సాన్ పిక్సో హర్యానాలోని మానేసర్ నుంచి వచ్చాయి. 2010 తర్వాతి నిస్సాన్ మైక్రా కూడా చెన్నైదే. అంతకు ముందు 2003లో మన ఇండికానే రోవర్ వాళ్ళు సిటీరోవర్ అని బ్యాడ్జి మార్చి ఇక్కడ అమ్మారు. దానికి ఇక్కడి పత్రికలు చీవాట్లు పెట్టాయి, రెండేళ్ళకి ఎంజీ రోవర్ కంపెనీయే మూతపడింది.

అంటే ఈరోజు షెఫీల్డ్‌లోనో లెస్టర్‌లోనో మన అమ్మాయి కొనే పదిహేనేళ్ళ నాటి ఐ10 కూడా మనలాగే సముద్రం దాటి వచ్చిందే. దాదాపు అన్నీ చిన్న పెట్రోలు ఇంజిన్లు. డీజిల్ జోరు మీద ఉన్న కాలంలో, డీజిల్ కొనలేని పెద్దవాళ్ళు, రిటైరైన వాళ్ళు చవగ్గా కొనుక్కున్న పెట్రోలు బండ్లు ఇవి. ఇప్పుడు మనకి పనికొచ్చేది ఆ జాతే.

పొగగొట్టంలో ఉన్న డబ్బా

ఇక అసలు తలనొప్పి. డీపీఎఫ్ అంటారు, డీజిల్ మసిని పట్టుకునే ఫిల్టరు. 2000 ప్రాంతంలో ప్యూజో వాళ్ళు ఫ్యాక్టరీ నుంచే బిగించి అమ్మడం మొదలుపెట్టారు. యూరో 5 నిబంధన వచ్చాక, అంటే 2011 నాటికి, కొత్త డీజిల్ కార్లన్నిటికీ అది తప్పనిసరి లాంటిదైంది. మన దేశంలో 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చేదాకా చిన్న డీజిల్ కార్లకి ఈ గొడవే లేదు. అది రాగానే మారుతి ఏకంగా డీజిలే మానేసింది. డిజైర్ ఇంజిన్ గుండ్రాయి అన్న పేరు ఫిల్టర్ లేని రోజులది. ఇక్కడి 2012 కోర్సాకి ఆ డబ్బా ఉంటుంది.

అది పనిచేసే తీరు ఇదీ. మసి ఫిల్టర్లో పేరుకుంటుంది. పొగ వేడి 600 డిగ్రీల దాకా పోతే ఆ మసి కాలి బూడిదవుతుంది. ఆ వేడి రావాలంటే బండి ఓ పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా మంచి స్పీడులో పోవాలి. చాలకపోతే కంప్యూటరే కొంచెం ఎక్కువ డీజిల్ కొట్టి వేడి పుట్టిస్తుంది. మధ్యలో మీరు ఇంజిన్ ఆపేస్తే ఆ పని సగంలో ఆగిపోతుంది. పదే పదే అలా జరిగితే ఫిల్టర్ మూసుకుపోతుంది. కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్లో కలిసి ఆయిల్ లెవెల్ పెరుగుతుంది కూడా. కొత్త ఫిల్టర్ వేయించాలంటే వెయ్యి పౌండ్లు దాటడం మామూలే.

ఇప్పుడు మన వాళ్ళ పని ఏమిటో చూడండి. హోమ్ కేర్‌లో ఉన్న చెల్లెలు పొద్దున ఏడింటికి మొదటి ఇంటికి వెళ్తుంది. అరగంట ఆగుతుంది. రెండు మైళ్ళ అవతల రెండో ఇల్లు. మైలున్నర అవతల మూడోది. రాత్రి పదింటిదాకా ఇంజిన్ పన్నెండుసార్లు స్టార్ట్ అయి పన్నెండుసార్లు ఆగుతుంది. ఒక్కసారి కూడా పూర్తిగా వేడెక్కదు. డీపీఎఫ్‌ని చంపడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఇంకోటి లేదు. పైగా బండి ఆగిపోతే ఆమెకి పని ఆగిపోతుంది. స్పాన్సర్‌షిప్ మీద ఉన్న మనిషికి పని ఆగడం అంటే ఏమిటో ఇక్కడ చదివే వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

అదే తమ్ముడు మోటార్‌వే పక్కన గోడౌన్లో పనిచేస్తూ రోజూ అటు ముప్పై మైళ్ళు, ఇటు ముప్పై మైళ్ళు తిరుగుతున్నాడనుకోండి. వాడికి డీజిల్ చక్కగా సరిపోతుంది. ఫిల్టర్ రోజూ దానంతటదే శుభ్రమవుతుంది.

కొందరు మెకానిక్కులు "తీసి పారేద్దాం, పీడా పోతుంది" అంటారు. 2014 ఫిబ్రవరి నుంచి డీపీఎఫ్ ఉండాల్సిన బండికి అది లేకపోతే ఎంఓటీ ఫెయిల్. 2018 మే నుంచి, ఆ బండి పొగగొట్టంలో కంటికి పొగ కనిపించినా ఫెయిలే. తీసేసిన బండిని రోడ్డు మీద నడిపితే 1,000 పౌండ్ల దాకా జరిమానా కూడా పడొచ్చు.

2015 సెప్టెంబర్

డీజిల్ కథకి మలుపు అమెరికాలో వచ్చింది. 2015 సెప్టెంబర్ 18న అక్కడి పర్యావరణ సంస్థ వోక్స్‌వ్యాగన్‌ని పట్టుకుంది. టెస్ట్ జరుగుతోందని బండి తనే గుర్తుపట్టి, అప్పుడు మాత్రం శుభ్రంగా నడిచేలా సాఫ్ట్‌వేర్ రాశారు. ప్రపంచం మొత్తం మీద కోటి పది లక్షల బండ్లు, బ్రిటన్‌లో సుమారు 12 లక్షలు. అందులో గోల్ఫ్, పోలో, ఫాబియా, ఇబీజా లాంటి హ్యాచ్‌బ్యాక్‌లు ఉన్నాయి. 2022లో ఇక్కడి 91,000 మంది ఓనర్లకి కంపెనీ 193 మిలియన్ పౌండ్లు ఇచ్చి కేసు పరిష్కరించుకుంది.

కానీ ఆ డబ్బు కన్నా పెద్ద దెబ్బ నగరాల నుంచి పడింది. 2019 ఏప్రిల్ 8న లండన్ నడిబొడ్డున యూలెజ్ మొదలైంది. 2021 అక్టోబర్‌లో నార్త్, సౌత్ సర్క్యులర్ రోడ్ల దాకా, 2023 ఆగస్టు 29న లండన్ మొత్తానికీ పాకింది. నిబంధనలో తేడా గమనించండి. పెట్రోలుకి యూరో 4 చాలు, అంటే దాదాపుగా 2006 తర్వాతి బండి. డీజిల్‌కి యూరో 6 కావాలి, అంటే దాదాపుగా 2015 సెప్టెంబర్ తర్వాతిది. లేకపోతే రోజుకి 12.50 పౌండ్లు. నెలకి ఇరవై రోజులు పనికెళ్తే 250 పౌండ్లు. రోడ్ టాక్స్‌లో ఏడాదికి మిగిలేది ఒక నెలలోనే పోతుంది. బర్మింగ్‌హామ్‌లో 2021 జూన్ నుంచి రోజుకి 8 పౌండ్లు, బ్రిస్టల్‌లో 2022 నవంబర్ నుంచి 9. గ్లాస్గోలో 2023 జూన్ నుంచి డబ్బు కట్టి వెళ్ళే వీలు కూడా లేదు, వెళ్తే జరిమానాయే.

అదీ సంగతి. 2008 పెట్రోలు బండి ఈ ఊళ్ళన్నిటిలోకీ దర్జాగా వెళ్తుంది, 2012 డీజిల్ వెళ్ళదు. మొదట అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. ఒకప్పుడు ప్రభుత్వమే టాక్స్ తగ్గించి కొనిపించిన బండ్లని నగరాలు గెంటేశాయి. అవి జోన్లు లేని ఊళ్ళకి, కొత్తగా వచ్చినవాళ్ళ చేతికి తక్కువ రేటులో చేరుతున్నాయి. కొనకూడదని కాదు. మీ ఊళ్ళో జోన్ లేదు, మీ దారిలో మోటార్‌వే ఉంది అంటే ఆ తక్కువ రేటు మీకే లాభం. రేపు కంపెనీ మిమ్మల్ని బర్మింగ్‌హామ్ నడిబొడ్డుకి మారిస్తే మాత్రం లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

కొత్త లైసెన్స్ వాడి లెక్క వేరు

ఇంధనం గురించి ఇంత మాట్లాడాం గానీ, పాతికేళ్ళ లోపు వాళ్ళకి బండి ఖరీదు కన్నా ఇన్సూరెన్స్ ఎక్కువ పడే రోజులివి. ఈ దేశంలో థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 1930 చట్టంతో తప్పనిసరైంది, డ్రైవింగ్ టెస్ట్ 1935 జూన్ నుంచి. కార్లని ఒకటి నుంచి 50 దాకా గ్రూపులుగా విడదీశారు. గ్రూపు తక్కువైతే ప్రీమియం తక్కువ. ఒకే మోడల్‌లో డీజిల్ తరచూ పెట్రోలు కన్నా పై గ్రూపులో ఉంటుంది. ఆడపిల్లలకి ప్రీమియం తక్కువ అన్నది పాత మాట. యూరప్ కోర్టు తీర్పుతో 2012 డిసెంబర్ 21 నుంచి ఆ తేడా పోయింది.

మన ఇండియా లైసెన్స్ ఇక్కడ కాపురం పెట్టిన రోజు నుంచి 12 నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత కూడా దాంతోనే నడిపితే ఇన్సూరెన్స్ లేనట్టే అయ్యే ప్రమాదం ఉంది. ఇన్సూరెన్స్ లేకుండా పట్టుబడితే 6 పాయింట్లు. 1997 జూన్ నుంచి ఉన్న రూలు ప్రకారం, టెస్ట్ పాసైన రెండేళ్ళలోపు 6 పాయింట్లు పడితే లైసెన్స్ రద్దు, మళ్ళీ మొదటి నుంచి రెండు టెస్టులూ రాయాలి. చాలామంది చేసే ఇంకో పని, బాబాయిని మెయిన్ డ్రైవర్‌గా చూపించి తాము నడపడం. దాన్ని ఇక్కడ ఫ్రంటింగ్ అంటారు, మోసం కిందే లెక్క. యాక్సిడెంట్ అయిన రోజున పాలసీ చెల్లదంటారు. ఇంటింటికీ తిరిగే కేర్ పనికి మామూలు కమ్యూటింగ్ పాలసీ సరిపోదు, బిజినెస్ యూజ్ ఉండాలి. ఫుడ్ డెలివరీకైతే అది కూడా చాలదు, దానికి వేరే కవర్.

పెట్రోలు అంటే అంతా సాఫీ అని కూడా అనుకోవద్దు. 2012 తర్వాత వచ్చిన చిన్న టర్బో పెట్రోళ్ళలో, ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్, ప్యూజో సిట్రోయెన్ల 1.2 ప్యూర్‌టెక్ లాంటి వాటిలో, టైమింగ్ బెల్ట్ ఇంజిన్ ఆయిల్లోనే తిరుగుతుంది. ఆయిల్ టైంకి మార్చని బండి అయితే బెల్ట్ అరిగి ఇంజిన్‌కే ఎసరు. టర్బో లేని పాత 1.0, 1.2 ఇంజిన్లు కొండ ఎక్కేటప్పుడు ఆయాసపడతాయి గానీ నెత్తి మీద ఇలాంటి కత్తి వేలాడదు.

బండి చూడ్డానికి బయల్దేరే ముందే నంబర్ ప్లేట్ అడిగి తీసుకోండి. ఇవ్వనంటే వెళ్ళక్కర్లేదు. ఆ నంబర్‌తో ప్రభుత్వ సైట్లో 2005 నుంచీ జరిగిన ఎంఓటీలన్నీ ఉచితంగా కనిపిస్తాయి: ఏ ఏడాది ఎన్ని మైళ్ళు, దేనికి ఫెయిలైంది. మైళ్ళు వెనక్కి తిరిగినట్టు ఉంటే అక్కడితో ఆపేయండి. డీజిల్ బండికి ఏడాదికి రెండు మూడు వేల మైళ్ళే కనిపిస్తే, పాత ఓనరు దాన్ని సూపర్ మార్కెట్‌కే వాడాడని అర్థం, ఫిల్టర్ సంగతి అనుమానించండి. మనం మామూలుగా తక్కువ మైళ్ళు చూసి సంబరపడతాం, డీజిల్ విషయంలో అది తిరగబడుతుంది. యూలెజ్ చెక్ కూడా అదే నంబర్‌తో అయిపోతుంది. 2014 అక్టోబర్ నుంచి పాత ఓనరు కట్టిన రోడ్ టాక్స్ కొత్తవాళ్ళకి బదిలీ కాదు కాబట్టి, డబ్బులిచ్చి తాళం తీసుకున్నాక ఇంటికి బయల్దేరే ముందే ఫోన్లో టాక్స్, ఇన్సూరెన్స్ రెండూ కట్టేసుకోండి. చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంజిన్ చల్లగా ఉందో లేదో బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. ముందే వేడి చేసి ఉంచారంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఏం వినిపిస్తుందో మీకు వినిపించకూడదనే.